చుక్క కాళ్ళకు బూట్లు కుదిర్చిన వాళ్ళందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం.

మా గుర్రం చుక్క మళ్ళీ కంకర మీద నడుస్తోంది. కుంటకుండా, రెండడుగులకోసారి ఆగి నా మొహం చూడకుండా, తన మానాన తను నడుస్తోంది. దీని వెనక ఎవరెవరి చెయ్యి ఉందో వాళ్ళకి ఫోన్ చేసి చెప్పాను గానీ, పదిమంది ముందు చెబితే తప్ప నాకు తృప్తిగా లేదు. ఈ డాలస్ చుట్టుపక్కల గుర్రాన్ని పెట్టుకున్న మనవాళ్ళు నాకు తెలిసే కొందరున్నారు. వాళ్ళకి పనికొస్తుందని కొంచెం వివరంగానే రాస్తున్నాను. పొడుగైతే ఏమనుకోకండి.

చుక్క క్వార్టర్ హార్స్ జాతి, ఆడగుర్రం, పద్నాలుగేళ్ళు. నుదుటి మీద తెల్లమచ్చ ఉంది కాబట్టి ఆ పేరు. ఆబ్రీ దగ్గర ఒక బార్న్‌లో, అంటే గుర్రాల కొట్టంలో ఉంటుంది. డెంటన్ కౌంటీలో ఆబ్రీ, పైలట్ పాయింట్ వైపు వెళ్తే ఎటు చూసినా గుర్రాల ఫారాలే. "ఈ వయసులో గుర్రమేంటే నీకు" అని గుంటూరు నుంచి మా అమ్మ ఇప్పటికీ అంటూనే ఉంటుంది. ఆ విషయం మా ఇద్దరి మధ్య తేలేది కాదు, వదిలేద్దాం.

దీనికి మొదటినుంచీ లాడాలే. పోయిన ఎండాకాలానికల్లా ముందుకాళ్ళ గిట్టల అంచులు బాగా పెళుసెక్కాయి. ఎండకి బీటలు, ఈగల్ని తోలుకోడానికి రోజంతా కాళ్ళు నేలకేసి కొట్టడం, పాత మేకుల రంధ్రాలు, అన్నీ కలిసి అంచు ముక్కలు ముక్కలుగా ఊడిపోయింది. కొత్త మేకు దిగడానికి గట్టి చోటే లేదు. ఏళ్ళ తరబడి దీనికి లాడాలు కొట్టిన పెద్దాయనే ఆ మాట ముందు చెప్పారు: "ఒక ఏడాది వదిలెయ్యి, కొత్త గిట్ట దిగనీ." మొదటి కృతజ్ఞత ఆయనకే. లాడం కొడితే ఆయనకి డబ్బు, తీసేస్తే ఏముంది? అయినా తనే తీశారు, అంచులు ఆకురాయితో గుండ్రంగా అరగదీశారు, ఇకమీదట గిట్టల్ని నున్నగా కోసే ట్రిమ్మర్ నంబరు కూడా తనే ఇచ్చారు. గిట్ట నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. పైన వెంట్రుకల దగ్గర పుట్టింది ముందు భాగంలో నేలదాకా రావాలంటే ఏడాది పడుతుంది. ఆయన చెప్పిన గడువు లెక్క అదే.

లాడాలు తీశాక పచ్చికలో బాగానే ఉండేది. బార్న్ గేటు దగ్గరి కంకర దారి వచ్చేసరికి మాత్రం నడక మారిపోయేది. తల దించి, ఒక్కో కాలు ఎక్కడ పెట్టాలా అని వెతుక్కుంటూ. లాడాలకి బదులు గిట్టలకి తొడిగే బూట్లు కొనేద్దామని నేను తొందరపడుతుంటే ఆపినవారు మా డాక్టర్ గారు. తిరుపతి వెటర్నరీ కాలేజీలో చదివి, రాయలసీమ పల్లెల్లో పశువుల డాక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఇప్పుడు ఫ్రిస్కోలో కొడుకు దగ్గర ఉంటున్నారు. ఎడ్లకి లాడాలు కొట్టేవాళ్ళ పక్కన కూర్చుని వాళ్ళ పని చూసిన మనిషి. "ఇక్కడ నాకు లైసెన్సు లేదమ్మా, వైద్యం చెయ్యను. చెయ్యి పెట్టి చూడ్డానికి మటుకు లైసెన్సు అక్కర్లేదుగా" అంటూ మనవడిని తోడు తీసుకుని వచ్చారు. కాలి కీలు వెనక, కాస్త పక్కగా, రెండు వేళ్ళు ఆనించి నాడి ఎక్కడ దొరుకుతుందో నా వేళ్ళు పట్టుకుని చూపించారు. మామూలుగా ఉన్న గుర్రానికి అది దొరకడమే కష్టం. టకటకా బలంగా కొట్టుకుంటోందంటే, గిట్ట వేడిగా కూడా ఉందంటే, లోపల వాపో, చీము పట్టడమో ఉందని అనుమానించాలి. గిట్ట లోపలి పొరలు వాచే లామినైటిస్ జబ్బయితే కథ వేరు, అప్పుడు ముందు డాక్టరు, తర్వాతే బూట్లు. చుక్క నాడి నిమ్మళంగానే ఉంది. అయినా ఇక్కడి వెట్‌తో ఎక్స్‌రే తీయించమని పట్టుబట్టారు. తీయిస్తే అసలు సంగతి తేలింది: గిట్ట అడుగు మందం 9 మిల్లీమీటర్లు. 15 దాకా ఉంటే నయం అంటారు. రాళ్ళు గుచ్చుకోవడంలో ఆశ్చర్యం ఏముంది! డాక్టర్ గారూ, ఆ రోజు మీరు రాకపోతే నేను ఊరికే బూట్ల రంగులు చూసుకుంటూ కూర్చునేదాన్ని.

ఇక కొలతలు. ఈ పనంతా మా ట్రిమ్మర్‌ది. ఆమె అమెరికన్, తెలుగు రాదు, ఈ పోస్టుని ఫోన్‌లో పెట్టి ఇంగ్లీషులో చదువుకుంటానంది. చదివినప్పుడు నవ్వొద్దని మనవి. గిట్ట కోసిన రోజే కొలవాలని ఆమె నియమం. నాలుగు వారాలు పెరిగాక కొలిస్తే ఆ అంకె నమ్మకూడదు. వెడల్పు ఎక్కడ ఎక్కువుందో అక్కడ అడ్డంగా కొలవాలి. పొడుగు ముందు కొన నుంచి మడమ దగ్గర బరువు మోసే అంచు ఆగేచోటు దాకా. ఆ వెనకున్న మెత్తటి ఉబ్బుల్ని కలపకూడదు, అవి కలిపితే ఒక సైజు పెద్దది వచ్చి కూర్చుంటుంది. మిల్లీమీటర్లలోనే రాసుకోవాలి. చుక్కకి ఎడమ గిట్ట 127 వెడల్పు, 132 పొడుగు. కుడిది 121 వెడల్పు, 130 పొడుగు. ఒకే గుర్రానికి రెండు ముందుకాళ్ళు ఇంత తేడాగా ఉండటం మామూలేనట. చాలా కంపెనీలు ఒక్కో బూటు విడిగా అమ్మేది కూడా అందుకేనట.

వెనక కాళ్ళకి అక్కర్లేదంది. గుర్రం బరువులో ఇంచుమించు అరవై శాతం ముందుకాళ్ళే మోస్తాయి, చుక్క నొప్పి కూడా అక్కడే.

ఆన్‌లైన్ చార్టు ప్రకారం అంతకుముందు నేను తెప్పించిన జత ఒకటి ఉంది, కంపెనీ పేరెందుకు. చార్టులో సైజు సరిగ్గానే ఉంది. ఆకారమే కుదరలేదు. ఆ బూటు అడుగు గుండ్రం, చుక్క గిట్ట కోలగా ఉంటుంది. ముందు బిగుతు, పక్కల ఖాళీ, నడిస్తే బూటు పక్కకి తిరిగేది. మా ట్రిమ్మర్ తన కారు డిక్కీ నిండా నమూనా బూట్లు వేసుకొచ్చింది. వాటిలో పట్టీలు లేని ఉత్త అడుగులు కొన్ని, వేసి చూసుకోడానికి. ఈజీబూట్ వాళ్ళ గ్లవ్, టాస్మేనియా వాళ్ళ స్కూట్ బూట్, ఇంకా ఏవో. ఆ మధ్యాహ్నం చుక్కకి షాపింగే షాపింగు.

ఆమె చూసే పద్ధతి చెప్తాను, నాకు బాగా నచ్చింది. బూటు తొడిగి, కాలు కింద పెట్టించి, బరువు వేయించేది. తర్వాత కాలెత్తి, బూటుని రెండు చేతులా పట్టుకుని గట్టిగా మెలితిప్పేది. గిట్ట కదలకుండా బూటు ఒక్కటే తిరిగిందా, పక్కన పడేసేది. గ్లవ్‌కైతే ముందున్న వి ఆకారపు చీలిక కాస్త విచ్చుకోవాలి, మూసుకునే ఉంటే బూటు పెద్దదన్నట్టు. లోపల ఎక్కడ తగులుతోందో తెలుసుకోడానికి గిట్టకి సుద్ద పూద్దామంటే సుద్దముక్క లేదు. నా కార్లో సంక్రాంతి ముగ్గు డబ్బా ఉండిపోయింది, అది తెచ్చిచ్చాను. ఆమె ముగ్గు పిండిని గిట్ట చుట్టూ రుద్ది, బూటు వేసి, చుక్కని రెండు చుట్లు నడిపించి తీసింది. బూటు లోపల ఎడం పక్కనంతా తెల్లగా అంటుకుంది, కుడి పక్క నల్లగా అలాగే ఉంది. గిట్ట ఒక పక్కకి కొంచెం విచ్చుకుని పెరుగుతోందని అప్పుడు కనబడింది. ఆకురాయితో అక్కడ నాలుగు లాగులు లాగి మళ్ళీ వేస్తే చుట్టూ సమంగా అంటింది. చార్టు చెప్పనిది ముగ్గు చెప్పింది.

చివరికి స్కూట్ బూటే కుదిరింది. దాంట్లో రెగ్యులర్, స్లిమ్ అని రెండు వెడల్పులుంటాయి. ఎడమకి రెగ్యులర్, కుడికి స్లిమ్. వెల్క్రో లేకపోవడం నాకు పెద్ద సుఖం. మా ప్రాస్పర్ ఊరి నల్లరేగడిలో వెల్క్రో పరిస్థితి ఏమవుతుందో ఆ మట్టిలో ఒకసారి నడిచినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. వాన పడిందంటే మన పల్నాడు చేలకి దీనికి తేడా ఏమీ ఉండదు, మనిషి చెప్పుల్నే లాగేసుకుంటుంది.

ఫీనిక్స్‌లో ఉండే అక్కకి ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. రాళ్ళ ఎడారిలో ఏళ్ళుగా స్వారీ చేస్తున్న మనిషి. తన దగ్గర వాడి పక్కన పెట్టిన బూట్లు, కొత్త పట్టీలు, 6 మిల్లీమీటర్లవి, 12వి ఫోమ్ ప్యాడ్‌లు, అన్నీ ఒక పెట్టెలో సర్ది పంపింది. డబ్బులు పంపిస్తానంటే ఫోన్ పెట్టేసింది. ప్యాడ్ సంగతి మాత్రం బంగారం లాంటి సలహా. అడుగు పల్చన కాబట్టి మొదటి నెలలు మెత్తటి ప్యాడ్ వెయ్యాలి. వేస్తే లోపల చోటు తగ్గుతుంది కాబట్టి ప్యాడ్‌తో కలిపే బూటు సరిచూసుకోవాలి. నలిగి పలకబారిపోయాక దాచుకోకుండా పారెయ్యాలి. పాదం పైన కట్టే పట్టీ కింద ఒక వేలు తేలిగ్గా దూరాలి. అక్కా, నీ వాట్సాప్ వాయిస్ మెసేజీలన్నీ దాచుకున్నాను, తిట్లతో సహా.

బార్న్‌లో పనిచేసే కుర్రాడికి కూడా చెప్పాలి. బూట్లు వేసి నడిపిస్తుంటే పక్కన నేల మీద బోర్లా పడుకుని స్లో మోషన్‌లో వీడియోలు తీశాడు. బూట్లు లేకుండా కంకర మీద గిట్ట ముందు కొన మొదట ఆనేది. ప్యాడ్‌తో వేశాక మడమ ముందు ఆని, తర్వాత ముందు భాగం దిగుతోంది, నొప్పి లేని నడకకి అదే గుర్తట. ఇది చూసి మా ట్రిమ్మర్ వాడిని కౌగలించుకుంది.

అలవాటు చెయ్యడం మాత్రం నిదానంగానే. మొదట్లో చేత్తో పట్టుకుని కాసేపు నడిపించడం, విప్పి మడమ ఉబ్బుల దగ్గర వేలితో తడిమి చూడటం. వెంట్రుకలు ఎదురు తిరిగినా, చర్మం వెచ్చగా ఉన్నా ఆ రోజుకి ఆపెయ్యడమే. ఆ తర్వాత జీను వేసి నడక, బాగుందనిపించాక ట్రాట్, అంటే చిన్న పరుగు. రే రాబర్ట్స్ చెరువు పార్కులో హాయిగా తిరిగాం. డెకేటర్ దగ్గరి ఎల్‌బీజే గ్రాస్‌ల్యాండ్స్‌లో మాత్రం ఇసుక లోపలికి దూరుతుంది. తడి ఇసుక చర్మాన్ని గీరేస్తుంది కాబట్టి వాగు దాటాక ఒకసారి దిగి చూసుకుంటున్నాను. ఇంటికి రాగానే కడిగి ఆరబెట్టడం. రాత్రిళ్ళు బూట్లతో వదలను. తడి, చీకటి కలిస్తే గిట్ట అడుగు కుళ్ళే జబ్బుకి పిలుపు పంపినట్టే.

ట్రిమ్మర్ నమూనాలన్నీ తిరిగి ఇచ్చేశాను. అక్క పంపిన వాటిలో కుదరనివి, నేను ముందు కొన్న గుండ్రటి జత, ఇంకా విప్పని ప్యాడ్‌లు నా దగ్గర ఉన్నాయి. డబ్బులేమీ వద్దు. గుర్రం గిట్ట వెడల్పుగా, గుండ్రంగా ఉన్నవాళ్ళకి ఆ జత సరిపోవచ్చు. ముందు గిట్ట కోయించి, ఆ రోజే రెండు కాళ్ళూ విడివిడిగా కొలిచి, అంకెలు నాకు పంపండి. నేను పెట్టె కట్టి ఉంచుతాను, ముగ్గు డబ్బా మీరే తెచ్చుకోవాలి.