నీ బయాస్ ఎవరు?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో కొరియన్ పాటలంటే పడిచచ్చే పిల్లల మీద వ్యాసం చదివాను. వేలంవెర్రి అని ఒక్క మాటలో తేల్చేశారు. రాసినాయన ఆ పిల్లల్లో ఒక్కరితోనైనా ఐదు నిమిషాలు కూర్చుని మాట్లాడినట్టు లేదు.

మా అమ్మాయిని ఇంటర్‌కి ఒక కాలేజీ హాస్టల్లో వేశాం. అక్కడ మార్కుల్ని బట్టి సెక్షన్లు మార్చేస్తుంటారు, ఎవరితోనైనా కాస్త స్నేహం కుదిరేలోపే ఆ పిల్ల ఇంకో సెక్షన్‌కి వెళ్లిపోయేది. చివరికి ఇంటికి తెచ్చేసుకున్నాం గానీ అప్పటికే తను మాట్లాడటం బాగా తగ్గించేసింది. ఒకరోజు సిటీ బస్సులో పక్కనున్న అమ్మాయి, మా పిల్ల ఫోన్ కవర్ వెనక పెట్టుకున్న బీటీఎస్ (ఏడుగురు కుర్రాళ్ల కొరియన్ పాటల బృందం) ఫోటో కార్డు చూసి 'నీ బయాస్ ఎవరు?' అందట. ఏడుగురిలో నీకు బాగా ఇష్టమైనవాడెవరని అర్థం, నాకూ అప్పుడే తెలిసింది. ఆ రోజు దిగాల్సిన స్టాపు దాటిపోయి బెంజ్ సర్కిల్ దాకా వెళ్లి వచ్చింది.

డిసెంబర్ 30న ఆ బృందంలో వి అనే కుర్రాడి పుట్టినరోజని ఈ పిల్లలంతా పార్కులో కేకు కోశారు, మా అమ్మాయిని దింపడానికి నేనే వెళ్లాను. ఆరుగురు ఆడపిల్లలు, ఇద్దరు మగపిల్లలు. ఆ ఇద్దరినీ ఈ పాటలు వింటారని కాలేజీలో ఆడంగులని ఏడిపిస్తారట. అక్కడ మాత్రం డాన్సులో స్టెప్పు తప్పితే అందరూ వాళ్లనే అడుగుతున్నారు! అందరి చేతికీ ఊదారంగు బ్యాండ్లు. ఇంద్రధనుస్సులో చివరి రంగు కాబట్టి చివరిదాకా తోడుంటామని అర్థమట, 2016లో ఆ వి చెప్పిన మాటేనట అది.

నేను 1991లో మార్కాపురం నుంచి డిగ్రీకి విజయవాడ వచ్చాను. నోరు తెరిస్తే నా యాసకి క్లాసంతా నవ్వేది. గవర్నర్‌పేటలో ఒక క్యాసెట్ల షాపు ఉండేది, ఖాళీ క్యాసెట్, పాటల లిస్టు ఇస్తే రెండ్రోజుల్లో రికార్డు చేసి పెట్టేవాడు. నా లిస్టు చూసి 'అన్నీ ఇళయరాజావేనా, నీలాంటోడే ఇంకోడున్నాడు' అని అక్కడే ఉన్న కుర్రాడిని పిలిచాడు. వారానికల్లా నలుగురం అయ్యాం. రెండో చరణం ముందు వయొలిన్లు బాగున్నాయా, బేస్ గిటారా అని గంటలకొద్దీ కొట్టుకునేవాళ్లం, నా యాస సంగతి వాళ్లలో ఒక్కడూ ఎత్తలేదు.

పిల్లల డబ్బు దీనికి పోతోందని మీ వ్యాసంలో అన్నది మాత్రం నిజమే. ఆల్బమ్‌లో ఎవరి ఫోటో కార్డు వస్తుందో తెరిచేదాకా తెలీదు, కావాల్సింది వచ్చేదాకా పిల్లల చేత కొనిపించే ఆ వ్యాపారం నాకూ నచ్చదు. మా ఇంట్లో ఏడాదికి ఒక్కటే అని రూలు పెట్టాం, మిగతావి పిల్లలు తమలో తాము మార్చుకుంటారు.

వ్యాసం రాసినాయన ఈ డిసెంబర్ 30న పార్కుకి వస్తే కేకు ముక్క పెడతాం. కొరియన్ రాకపోయినా పర్లేదు, నాకూ రాదు.

- ఒక తండ్రి, సత్యనారాయణపురం, విజయవాడ