మన సంఘం 2025 వార్షిక నివేదిక, హాలు దొరకని సంవత్సరం

సభ్యులందరికీ నమస్తే. రిపోర్టు లేటైంది ఏమనుకోకున్రి, లెక్కల పుస్తకం పాత కోశాధికారి గారింట్ల అల్మారాల ఉండిపోయింది, అది బయటికి వచ్చేసరికి సంక్రాంతి అయిపోయింది.

నెలకొక చర్చ అనుకున్నం గానీ ఏడే జరిగినయి. ఏడిట్ల ఐదు యూనివర్సిటీల మీదనే. మన పిల్లలు చదివేది నల్లగొండల అన్నెపర్తి కాడ ఉన్న మహాత్మా గాంధీ యూనివర్సిటీల, లేకుంటే పాలమూరు యూనివర్సిటీల, ఇంకొందరు ఉస్మానియాల, కాబట్టి అక్కడ ఎవరు ఏం మాట్లాడొచ్చు అన్నది మన ఇంటి ముచ్చటనే.

జనవరిల యూజీసీ, అంటే యూనివర్సిటీలకు రూల్స్ పెట్టే కేంద్ర సంస్థ, కొత్త రూల్స్ డ్రాఫ్ట్ తెచ్చింది కదా, దాని మీద మొదటి మీటింగ్. ఆ డ్రాఫ్ట్ ప్రకారం వీసీని, అంటే వైస్ ఛాన్సలర్‌ను వెతికే కమిటీల ముగ్గురుంటరు, ఛాన్సలర్ మనిషి ఒకరు, యూజీసీ మనిషి ఒకరు, యూనివర్సిటీ తరఫున ఒకరు, రాష్ట్రం మనిషి లేడు. ఛాన్సలరంటే మన దగ్గర గవర్నరే. పాఠం చెప్పిన అనుభవం లేకున్నా పరిశ్రమల నుంచో, పెద్ద పరిపాలన పోస్టుల నుంచో వచ్చినోళ్లు కూడా వీసీ కావచ్చునట. ఒక సభ్యుడు "కంపెనీలోళ్లు వస్తే నౌకర్లన్న వస్తయి" అన్నడు, దాని మీద గంట సేపు లొల్లి. ఇంకొకాయన అందరినీ ఆపి, మరి రాష్ట్రం చేతుల ఉన్నప్పుడు ఏం చేసిన్రు, 2024 మే నుంచి అక్టోబర్ దాకా ఐఏఎస్‌లే ఇంచార్జి వీసీలుగ నడిపిన్రు గదా అన్నడు. దానికెవ్వరి దగ్గరా జవాబు లే.

మార్చిల ఉస్మానియాల ధర్నాలు, నినాదాలు బంద్ అని సర్క్యులర్ వచ్చింది. 1938ల వందేమాతరం పాడినందుకు అదే ఉస్మానియా నుంచి పిల్లలను తీసేస్తే నాగపూర్ పోయి చదువుకున్నరు, పీవీ నరసింహారావు గారు కూడా అట్ల పోయినోళ్లే. ఈ రెంటినీ ఒక్క తీరుగ చూడొద్దని, ఇప్పటిది ఆఫీసుల ముందట గొడవల గురించేనని కొందరన్నరు. నాకైతే అది సగమే నిజమనిపించింది, ఎందుకంటే నినాదానికి జాగ ఎక్కడో చెప్పకుండ వద్దనుడు ఒక్కటే చెప్తే పిల్లలు ఎటు పోవాలె.

ఇగ అసలు ముచ్చట సెప్టెంబర్ 17, 1948ల నిజాం హైదరాబాద్ రాజ్యం ఇండియాల కలిసిన రోజు. అదే రోజును ఢిల్లీల విమోచనం అంటరు, ఇంతకు ముందటి రాష్ట్ర సర్కారు సమైక్యత అన్నది, ఇప్పటిది ప్రజాపాలన అంటున్నది, ఎర్రజెండా వాళ్లు విలీనం అంటరు. మనం "1948ల మన ఊర్లల్ల ఏమైంది" అని చర్చ పెట్టుకుందామని ఒక కాలేజి హాలు అడిగినం. సరేనన్నరు. వారం ముందట ఫోన్ చేసి బ్యానర్ మీద ఏ పదం రాస్తున్నరని అడిగిన్రు. ఏ పదం రాయట్లేదు అన్నం. రెండ్రోజులకు హాలుకు పెయింటింగ్ ఉందన్నరు. ఎవరు ఒత్తిడి చేసిన్రో తెల్వది, బహుశా ఎవరూ చేసి ఉండరు, వాళ్లకు వాళ్లే భయపడ్డరు, నన్నడిగితే గిదే ఎక్కువ భయం. మాట్లాడతనని ఒప్పుకున్న లెక్చరర్ కాంట్రాక్టు మనిషి, ఏటేటా రెన్యువల్ కావాలె, ముందు రోజు రాత్రి "అన్నా, నా పేరు తీసెయ్యరాదు" అని మెసేజ్ పెట్టిండు. ఆయన మీద కోపం లే, ఇద్దరు పిల్లల ఫీజులున్నయి. పర్మనెంట్ పోస్టులు నింపకుండ ఇట్ల ఏడాదికొక్కసారి సంతకం మీద బతికిస్తే, నోరు మూయించే సర్క్యులర్ అక్కర్నే లేదు.

చివరికి క్లాక్ టవర్ దగ్గర సభ్యుడి మేడ మీద షామియానా వేసి పెట్టినం. రిటైరైన సార్ ఒకాయన, పింఛన్ ఎవడు ఆపుతడని నవ్వుకుంట వచ్చి మాట్లాడిండు. 1948 పోలీసు యాక్షన్ తర్వాత ఇక్కడ ఏమైందో చూడనీకి వచ్చిన సుందర్‌లాల్ కమిటీ నెహ్రూ గారికి ఇచ్చిన రిపోర్టు దశాబ్దాల పాటు బయటికే రానియ్యలేదని, రజాకార్లు చేసింది, తర్వాత జరిగింది రెండూ చదవాలెనని చెప్పిండు. రెండు పార్టీలోళ్లు కూడా వచ్చిన్రు, ఇద్దరూ అలిగే పోయిన్రు.

అక్టోబర్ మీటింగుల అమెరికాల ఉన్న మనోళ్ల పిల్లల ముచ్చటొచ్చింది, అక్కడి సర్కారు హార్వర్డ్ యూనివర్సిటీకి 200 కోట్ల డాలర్లకు పైగ నిధులు ఆపింది, సెప్టెంబర్ల కోర్టు అది చెల్లదన్నది. మిగతా రెండు మీటింగులు లైబ్రరీ పుస్తకాల మీద, జనం రాలే.

లెక్కలు రశీదులతో సహా నా దగ్గర ఉన్నయి, ఎవరన్న చూడొచ్చు. షామియానా కిరాయి ఇంకా బాకీ, చందా కట్టనోళ్లు ఈ నెలల కట్టున్రి. హాలు అడ్వాన్స్ వాపస్ రాలే, రెండుసార్లు పోయినం, పెయింటింగ్ మాత్రం ఇప్పటికీ మొదలు కాలే.