ట్రస్సుల పనికి పీసు లెక్క కూలీ వద్దు

ఎడిటర్ గారికి నమస్కారం,

సాగర్ రోడ్డు పొంట, శ్రీశైలం రోడ్డు పొంట ఫామ్‌హౌస్‌లు కట్టుకునేవాళ్లు కొందరు ఈమధ్య పైగదికి స్లాబు వద్దు, చెక్క ఫ్లోరే కావాలని అడుగుతున్నారు. ఆ ఫ్లోరు కింద వేసే ట్రస్సులు, అంటే పైన ఒక కట్టె, కింద ఒక కట్టె, నడుమ ఏటవాలు ముక్కలు పెట్టి పళ్లున్న ఇనుప ప్లేట్లతో బిగించేవి, మాలాంటి చిన్న వడ్రంగి షాపులకు కొత్త పని. మంచి పనే, నాలుగు డబ్బులొస్తాయి, నేనూ చేస్తున్నాను. కానీ మా చుట్టుపక్కల షాపుల్లో ఈ పని నడుస్తున్న తీరు చూస్తుంటే భయమేస్తోంది.

అసలు సమస్య కూలీ దగ్గర ఉంది. ఒక ట్రస్సుకు ఇంత అని పీసు లెక్కన ఇస్తున్నారు. తలుపులకో మంచాలకో ఆ లెక్క నడిస్తే నడవొచ్చు, ప్లేట్ల పళ్లను కట్టెలోకి నొక్కే ప్రెస్ మిషన్ కింద చేతులు పెట్టే పనికి మాత్రం అస్సలు పనికిరాదు.

ప్రతి జాయింటుకూ రెండు ప్లేట్లుంటాయి. కింది ప్లేటు పళ్లు పైకి పెట్టి ముందు పరవాలి, దాని మీద కట్టెలు అమర్చాలి, ఆ తర్వాత పై ప్లేటు పళ్లు కిందికి పెట్టాలి. కట్టె కాస్త జరిగిందంటే కింది ప్లేటు కూడా పక్కకు పోతుంది, అప్పుడు పనివాడు కట్టె కిందికి వేళ్లు పోనిచ్చి దాన్ని సర్దుతాడు. సరిగ్గా ఆ సమయంలోనే అవతలివాడు ప్రెస్‌ను దించే పెడల్ తొక్కుతాడు. మా ప్రాంతంలో ఒక షాపులో ఒక పోరగాడి రెండు వేళ్లు ఇట్లాగే నలిగాయి, పెడల్ తొక్కినవాడు ఆ పోరగాడి సొంత బావమరిది. తప్పు ఆయనది అనలేను, ఆ రోజు ఇద్దరూ పీసుల కోసం పరుగెత్తుతున్నారు. ప్లేటు సర్దేవాడి చేతుల్లోనే ప్రెస్ ఉండాలి, రెండు బటన్లు రెండు చేతులతో ఒకేసారి నొక్కితేనే అది దిగాలి, ఇద్దరు పనిచేస్తే ఇద్దరికీ రెండేసి బటన్లు ఉండాలి. దీనికయ్యే ఖర్చు ఒక్క ఆపరేషన్ బిల్లు ముందు ఏపాటిది?

టేబుల్ లేకుండా నేల మీదే కట్టేవాళ్లూ ఉన్నారు. వంగి వంగి నడుములు పోతాయి, కొలతా తప్పుతుంది. కట్టెలు కదలకుండా అడ్డాలు బిగించిన గట్టి టేబుల్ ఉంటే చేతులు కట్టె కిందికి పోవాల్సిన అవసరమే సగం తగ్గుతుంది. ప్రెస్ లేక సుత్తితో కొట్టి పళ్లు దించే షాపులూ చూశాను, పళ్లు వంగుతాయి, జాయింటు పట్టదు, దాని మీద రేపు మనుషులు నడుస్తారు. టేకులాంటి గట్టి చెక్కలో ఆ పళ్లు సరిగ్గా దిగవు కాబట్టి పైన్ లాంటి మెత్తటి చెక్కే వాడాలి, అదీ బాగా ఆరింది. పచ్చి కట్టె ఆరేకొద్దీ ముడుచుకొని ప్లేటు బయటికి వచ్చేస్తుంది.

గ్లౌజుల సంగతి కూడా చెప్పాలి. ప్లేట్లు పట్టుకునేటప్పుడు గ్లౌజులు తప్పనిసరి, ఆ పళ్లు చర్మాన్ని చీరేస్తాయి. కానీ అవే గ్లౌజులతో రంపం మిషన్ దగ్గరికి పోకూడదు, తిరిగే బ్లేడు గుడ్డను పట్టుకుందంటే చెయ్యంతా లాగేస్తుంది. ఇంకొకటి, కరెంటు పోయినప్పుడు మనవాళ్లు స్విచ్ ఆపకుండా టీకి పోతారు, కరెంటు రాగానే రంపం దానంతటదే తిరుగుతుంది. కరెంటు పోతే దానికదే ఆఫయ్యే స్టార్టర్ దొరుకుతుంది, అది పెట్టించాలి.

తయారైన ట్రస్సులను నిలబెట్టి ఒకదానికొకటి ఆనించి తాడుతో కడతారు. లారీ రాగానే ఒకడు ఎదురుగా నిలబడి తాడు కోస్తాడు, వరసంతా వాడి మీదికి ఒరుగుతుంది. రెండు వైపులా దిమ్మెలు పాతి, పక్కకు నిలబడే తాడు కోయాలి. మోసేటప్పుడూ నిలువుగానే మోయాలి, పడుకోబెట్టి మోస్తే మధ్యలో వంగి జాయింట్లు వదులవుతాయి.

1948 ఫ్యాక్టరీల చట్టం కరెంటు వాడే చోట కనీసం 10 మంది పనివాళ్లుంటేనే వర్తించేది, దాని స్థానంలో 2020లో చేసి 2025 నవంబరులో అమల్లోకి తెచ్చిన కార్మికుల భద్రత కోడ్ ఆ హద్దును 20కి పెంచింది. మా షాపుల్లో ఉండేది నలుగురో ఐదుగురో. కాబట్టి మమ్మల్ని తనిఖీ చేసేవాళ్లు రారు, షాపు యజమానులమే చేసుకోవాలి. ట్రస్సులు కట్టేవాళ్లకు రోజు కూలీ ఇద్దాం. దాంతో రేటు కొంచెం పెరుగుతుంది, ఫామ్‌హౌస్ కట్టుకునేవాళ్లు అది భరించలేరా?

ప్రభుత్వానికీ ఒక మనవి. రాష్ట్రంలో 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని చేపట్టారు, సంతోషం. మన జిల్లాల్లోని సెంటర్లలో షాపుల్లో ఇప్పటికే పనిచేస్తున్నవాళ్ల కోసం ప్రెస్, రంపం భద్రత మీద ఒక వారం శిక్షణ పెట్టండి, టెన్త్ పాసైతేనే రావాలని షరతు పెట్టకండి. దేవరకొండ, మిర్యాలగూడ, కల్వకుర్తి నుంచి పోరగాళ్లు వస్తారు. ఆ వారం రోజుల కూలీ షాపువాళ్లం ఇచ్చుకుంటాం, మా దగ్గర పనిచేసేవాళ్లకు నేనైతే తప్పకుండా ఇస్తాను.

– ఒక వడ్రంగి, దేవరకొండ, నల్గొండ జిల్లా