ఆ ఫ్లెక్సీ మీద మా పేరు ఎలా వచ్చిందంటే

మా కస్టమర్లందరికీ నమస్కారం.

పోయిన నెల గుంటూరులో తొమ్మిది చోట్ల స్వస్థత కూటాల (జబ్బులు నయం కావాలని ప్రార్థించే క్రైస్తవ సభల) ఫ్లెక్సీ ఒకటి కట్టారు. అరండల్‌పేట, బ్రాడీపేట, లక్ష్మీపురం వైపు తిరిగేవాళ్లు చూసే ఉంటారు. 'క్యాన్సర్, షుగర్ పూర్తిగా నయం, గ్యారంటీ' అని పసుపు అక్షరాలు. పక్కన ప్రార్థన నూనె సీసా బొమ్మ. కింద కుడి మూలన, యాడ్స్ రాసే మా ఆఫీసు పేరు, ఫోన్ నంబరు. మీలో పదిమందికి పైగా ఫోన్ చేసి అడిగారు. ఇద్దరైతే అడగను కూడా అడగకుండా పని వేరేవాళ్లకి ఇచ్చేశారు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఆ మాట మేం రాయలేదు. ఆ పనే మేం వదులుకున్నాం.

డిసెంబరులో ఆ కూటాలవాళ్లు వచ్చారు. పోస్టర్లు, ఫ్లెక్సీలు, ఫేస్‌బుక్ యాడ్స్ అన్నీ కలిపి లక్షా ఎనభై వేల పని. మాలాంటి నలుగురు మనుషుల ఆఫీసుకు అది రెండు నెలల జీతాల కిందికి వస్తుంది. నలభై వేలు అడ్వాన్సు తీసుకుని తేదీలు, గ్రౌండు పేరు, ప్రసంగీకుల ఫొటోలతో డ్రాఫ్టు చేసిచ్చాం. అప్పుడు చెప్పారు, గ్యారంటీ మాట పెట్టాలని, నూనె సీసా 300 రూపాయలని.

మూడు రోజులు నాకు నిద్ర పట్టలేదు. రెండేళ్లుగా సాయంత్రాలు థియాలజీ, అంటే క్రైస్తవ వేదాంతం, చదువుతున్నానని మీలో చాలామందికి తెలుసు. సెరంపూర్ సెనేట్ వాళ్ల దూరవిద్య కోర్సు. 1842లో ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చి మొదలుపెట్టిన లూథరన్ మిషన్ నీడలో పెరిగిన కుటుంబం మాది. చిన్నప్పటి నుంచి విన్న మాటల వెనక ఏముందో సరిగా తెలుసుకోవాలనే చదువుకు కూర్చున్నాను. పగలు కారప్పొడికీ చీరలకూ కోచింగ్ సెంటర్లకూ మాటలు రాస్తూ, సాయంత్రం బైబిల్లో పత్రికలు రాసిన పౌలునీ, చర్చిని సంస్కరించిన లూథరునీ చదవడం ఎలా పొసుగుతుందని అడిగేవాళ్లు. ఈ పని వచ్చేదాకా నాకు ఆ రెంటికీ పేచీ రాలేదు.

పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రిక, రెండో అధ్యాయం చివర్లో, దేవుని వాక్యాన్ని 'కలిపి చెరిపెడు' వాళ్లలాగా మేం లేము అంటాడు. అక్కడి గ్రీకు మాట చిల్లర వ్యాపారి అనే పదం నుంచి వచ్చింది. ద్రాక్షారసంలో నీళ్లు కలిపి అమ్మేవాళ్లని ఆ వ్యాపారులకు చెడ్డపేరు. తెలుగు బైబిల్ అనువదించినవాళ్లు ఆ కల్తీని ఎంత బాగా పట్టుకున్నారో చూడండి, కలిపి చెరిపెడు! మిర్చి యార్డు ఉన్న ఊరిలో పుట్టినవాళ్లకి ఆ మాట ఇంకొకరు విడమరిచి చెప్పాలా? మన కస్టమర్లలోనే ఒక కారప్పొడి మిల్లు పెద్దాయన ఉన్నారు. ఆయన ప్యాకెట్ మీద 'నంబర్ వన్' అని రాస్తే కొట్టేయించారు. "తొడిమలు తీసి ఆడించాం అని రాయమ్మా. అదైతే ఎవరొచ్చినా చూపించగలను" అన్నారు. మార్కెటింగ్‌లో నేను నేర్చుకున్న పెద్ద పాఠం అదే.

లూథరు సంగతీ అంతే. 1517లో టెట్‌జెల్ అనే సన్యాసి ఊరూరా తిరిగి, డబ్బు కడితే పాపాల శిక్ష తప్పుతుందనే పాపపరిహార పత్రాలు అమ్మాడు. రోమ్‌లో సెయింట్ పీటర్ చర్చి కట్టడానికి అని చెప్పి అమ్మారు గానీ, ఆ డబ్బులో సగం ఒక ఆర్చిబిషప్పు బ్యాంకర్లకు పడ్డ అప్పు తీర్చడానికి పోయింది. పెట్టెలో నాణెం మోగగానే చనిపోయినవాళ్ల ఆత్మ శిక్ష నుంచి విడుదలవుతుందన్న ప్రచారం మీదే, లూథరు ఆ అమ్మకాలకు ఎదురుగా రాసిన 95 వాదాల్లో 27వది ఉంది. నా దగ్గరకొచ్చిన గ్యారంటీకి, ఆ నాణేనికి తేడా నాకు కనబడలేదు.

ప్రార్థనను నేను నమ్ముతాను. సంఘ పెద్దలు నూనె రాసి రోగి కోసం ప్రార్థించాలని యాకోబు పత్రికలో ఉంది. మా అమ్మ మంచం పట్టినప్పుడు మా పాస్టరుగారు అలాగే చేశారు. రూపాయి అడగలేదు. లేచి నడుస్తుందని మాట ఇవ్వలేదు. అమ్మ లేవలేదు. ఆయన మాత్రం చివరిదాకా వస్తూనే ఉన్నారు, మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఆమె చెయ్యి పట్టుకునేవారు. ఆ నూనెకు నేను రేటు రాయలేను.

చదువు తలకెక్కి వచ్చిన పని కాలదన్నుకుందని కొందరు అన్నారు. పదిహేనేళ్లుగా యాడ్స్ రాస్తున్న మనిషిగా కూడా వద్దనే అన్నాను. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం క్యాన్సర్, షుగర్ లాంటి జబ్బులు నయం చేస్తుందని ఏ మందుకూ ప్రకటన ఇవ్వకూడదు. మహిమలున్నాయని చెప్పే తాయెత్తులు, మంత్రాలు, కవచాలకూ అంతే. ప్రకటన వేయడంలో చెయ్యి కలిపినవాళ్లూ దోషులే.

నాలుగో రోజు నలభై వేలూ తిరిగి ఇచ్చేశాను. చేసిన డ్రాఫ్టుకు ఒక్క రూపాయి పట్టుకోలేదు.

వాళ్లు ఆ డ్రాఫ్టు పట్టుకుని నేరుగా మా ప్రింటర్ దగ్గరకే వెళ్లారు. పదకొండేళ్లుగా మా పని చేస్తున్న మనిషి. గ్యారంటీ లైను ఆయనే కలిపి, మా పేరు అలాగే ఉంచి ప్రింటు కొట్టేశారు. దగ్గరగా చూస్తే తెలిసిపోతుంది. ఫాంటు వేరు, 'గ్యారంటీ'లో యవత్తు జారి పక్క అక్షరం కిందికి పోయింది. మా ఆఫీసు నుంచి అలాంటి అక్షరం ఏనాడూ బయటికి వెళ్లలేదు. అడిగితే, "అక్కా, ఫైలు మీ దగ్గర్నుంచి వచ్చిందేగా, ఒక్క ఫోన్ చేయాల్సింది, సీజన్‌లో తోచలేదు" అన్నారు. పదకొండేళ్లలో ఆయనకు ఒక్క బిల్లు ఆలస్యం చేయలేదు నేను. ఒక్క ఫోన్ తోచలేదట. ఆ మాట నాకింకా మింగుడు పడలేదు.

ఇక మీ పనుల సంగతి. ప్రింటింగ్ విజయవాడకు మార్చాను. ఒక రోజు ఎక్కువ పడుతుంది, రవాణా ఖర్చు నాదే, మీ రేట్లు మారవు. ఫైనల్ అయ్యేదాకా ఏ డ్రాఫ్టయినా అడ్డంగా 'నమూనా' అన్న ముద్రతోనే ఇస్తాం. బోర్డుల మీద మా పేరు తీసేస్తే గొడవే ఉండదని చాలామంది సలహా ఇచ్చారు. తీయను. మేం రాసిన ప్రతి మాట కిందా మా పేరు ఉంటుంది.

చదువు మానను. మంగళ, గురువారాలు సాయంత్రం ఆరున్నర తర్వాత, ఆదివారం మధ్యాహ్నం దాకా ఫోన్ ఎత్తను. అర్జంటైతే మెసేజ్ పెట్టండి, ఆఫీసులో ఎవరో ఒకరు చూస్తారు. ఉగాది ఆఫర్ల వివరాలు ఈ బుధవారంలోగా పంపండి.

బోర్డులు తీయించే అధికారం నాకు లేదు. మా ఆఫీసు అబ్బాయిని వెంటబెట్టుకుని, నిచ్చెన వేసుకుని ఏడు చోట్ల మా పేరు మీద తెల్ల స్టిక్కరు నా చేత్తోనే అంటించాను. మిగతా రెండూ ఎక్కడ కట్టారో దొరకలేదు. మీకు కనబడితే ఏ టైములోనైనా మెసేజ్ పెట్టండి, వస్తాను.