మెట్రో రాత్రంతా వద్దు, తెల్లారుజామున నడపండి చాలు

ఎడిటర్ గారికి నమస్కారం,

హైదరాబాద్ మెట్రో రాత్రంతా నడపాలా వద్దా అని ఈమధ్య ఎక్కడ చూసినా ఇదే వాదన. అమలాపురంలో కూర్చున్నోడివి నీకెందుకయ్యా అంటారేమో, మా కోనసీమలో ఏ వీధి తీసుకున్నా కూకట్‌పల్లిలోనో మియాపూర్‌లోనో పిల్లలున్న ఇళ్ళే ఎక్కువండి, పైగా మాకు రైలు లేదు, కోటిపల్లి నరసాపురం లైను ఎప్పటికి పూర్తవుద్దో ఆ గోదారమ్మకే తెలియాలి, కాబట్టి సాయంత్రం ఎక్కే బస్సే దిక్కు. అది రావులపాలెం, తణుకు, ఏలూరు, విజయవాడ దాటి నాలుగింటికో నాలుగున్నరకో ఎల్బీనగర్లో దించేస్తది. మెట్రో మొదటి రైలేమో ఆరింటికి. ఈ మధ్యలో ఆటోవాడు ఎంత చెప్తే అంత.

అయినా సరే రాత్రంతా నడపమని మాత్రం నేను అననండి. న్యూయార్క్ లో నడుస్తుంది కదా అని అందరూ అదే ఉదాహరణ చెప్తున్నారు, నడుస్తుంది నిజమే, 1904 నుంచి నడుస్తుంది, కానీ అక్కడ చాలా లైన్లలో పక్కపక్కనే నాలుగేసి పట్టాలు ఉంటాయి, రెండింటి మీద పని చేసుకుంటూ మిగతా రెండింటి మీద రైళ్ళు తిప్పుకోవచ్చు, అంత ఉన్నా కూడా కరోనా టైంలో 2020 మే నుంచి ఏడాది పాటు రాత్రిపూట ఆపేశారు కడగడానికి. లండన్ వాళ్ళు 2016 లో మొదలెట్టారు, అదీ శుక్ర, శనివారాల రాత్రులే, అదీ కొన్ని లైన్లే. మన హైదరాబాద్ లో పోడానికో పట్టా రాడానికో పట్టా, అంతే. పైన 25 వేల వోల్టుల తీగ. అది ఆపితే గానీ మనుషులు పైకెక్కి తీగలు, పట్టాలు, సిగ్నళ్ళు చూడలేరు, ఆ పనికి దొరికేదే రాత్రి నాలుగైదు గంటలు.

మా డెల్టా వాళ్ళకి ఇది చెప్పక్కర్లేదండి, ఏటా వేసవిలో కాలవలు కట్టేసి పూడిక తీసి లాకులు బాగుచేస్తేనే సార్వాకి శివారు చేలకి నీళ్ళెక్కుతాయి, ఆ కట్టేసిన రోజుల్లో చెరువు నీళ్ళు తాగుతూ అందరం తిట్టుకుంటాం గానీ కట్టొద్దని ఎవడూ అనడు.

ఇంకో సంగతి, రాత్రి రెండింటికి మెట్రో ఎక్కేది ఎవరు? ఐటీ నైట్ షిఫ్టు వాళ్ళకి చాలావరకు కంపెనీ క్యాబులు ఉంటాయి. హోటల్లో గిన్నెలు కడిగి పన్నెండున్నరకి బయటపడేవాళ్ళు, ఆసుపత్రి ఆయాలు, వాచ్‌మెన్లు, వీళ్ళు ఉన్నారు, వీళ్ళ కోసం కచ్చితంగా ఏదో ఒకటి ఉండాలి, కానీ ఆ కొద్దిమందికి మూడు పెట్టెల రైలు ఎందుకు, మెట్రో పిల్లర్ల కిందే రోడ్డుంది, దాని మీద అరగంటకొక సిటీ బస్సు పెట్టి స్టేషన్ స్టేషన్ దగ్గర ఆపితే సరిపోద్ది, ఇంటికి ఇంకా దగ్గర్లో దింపొచ్చు కూడా.

నాలుగింటి సంగతి అలా కాదు. విజయవాడ రోడ్డు మీద నుంచి వచ్చే బస్సులన్నీ దాదాపు ఒకేసారి వస్తాయి, సికింద్రాబాద్ లో రైళ్ళు దిగే జనం వేరే, అందులోనూ సోమవారం తెల్లారుజామున, సంక్రాంతి అయ్యాక తిరిగి వెళ్ళేటప్పుడు చూడాలి. మా అమ్మాయి దిగి రూముకి చేరి ఫోన్ చేసేదాకా ఇక్కడ మా ఆవిడ మంచం మీద కూర్చునే ఉంటది. అందుకని నేను అడిగేది ఒకటే, ఆదివారం రాత్రి మెట్రో ఒక గంటన్నర ముందే ఆపేసి సోమవారం నాలుగున్నరకి మొదలెట్టండి, మెయింటెనెన్స్ వాళ్ళ గంటలు వాళ్ళకుంటాయి, మా పిల్లలూ వెలుతురున్న చోట ఎక్కి వెలుతురున్న చోట దిగుతారు. ఆదివారం రాత్రి సినిమాకి వెళ్ళినోళ్ళు కాస్త తిట్టుకుంటారు, తిట్టుకోనివ్వండి. (బియ్యం మూట, ఆవకాయ జాడీ, ఆత్రేయపురం పూతరేకులు, ఇంత లగేజీతో మెట్రోలోకి రానిస్తారా అన్నది వేరే గొడవ, అది ఇంకో ఉత్తరంలో రాస్తాను.)

రేపు విజయవాడలో, విశాఖలో మెట్రో కడతామంటున్నారు కదా, వాళ్ళు కూడా టైములు రాసేటప్పుడు రాత్రి బస్సులు ఎన్నింటికి వస్తాయో ఒకసారి బస్టాండ్లో నిలబడి చూసుకుంటే బాగుంటది.

రైలు ముందుకి జరపడం ఇప్పట్లో కుదరదు అంటారా, పోనీ ఎల్బీనగర్, మియాపూర్ లాంటి నాలుగైదు స్టేషన్లలో టికెట్ కౌంటర్లున్న అంతస్తు వరకైనా నాలుగింటికి తెరవండి, బెంచీలు, బాత్రూములు, లైట్లు అన్నీ అక్కడ ఉన్నవే కదా. దానికి పైన కరెంటు తీగతో పనిలేదు, ఒక గేటు తాళం తీసి ఇద్దరు సెక్యూరిటీ వాళ్ళని, అందులో ఒక ఆడమనిషిని, కూర్చోబెడితే అయిపోద్ది.

ఇట్లు
మీ పాఠకుడు,
అమలాపురం