జపాన్ బేస్ గిటార్లు దొంగ సరుకు కావు

సంపాదకుల వారికి,

ఆదివారం అనుబంధంలో పాత వాయిద్యాల మోజు మీద వచ్చిన వ్యాసం చదివాను. అందులో జపాన్ బేస్ గిటార్లకు (నాలుగు లావు తీగలతో మంద్రస్వరం పలికేవి) దక్కినవి రెండే వాక్యాలు. అవి అమెరికా గిటార్లకు నకళ్ళనీ, కోర్టు వాటిని ఆపించిందనీ రాశారు. రెండో మాట తప్పు. మొదటిది సగం నిజం, ఆ సగం కూడా వ్యాసకర్త అనుకున్న అర్థంలో కాదు. పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో బేస్ వాయించి ఇల్లు గడిపినవాణ్ణి, ఇప్పుడు ఇంటి దగ్గర పిల్లలకు నేర్పుతున్నవాణ్ణి కాబట్టి ఊరుకోలేక ఈ ఉత్తరం.

ముందు కోర్టు సంగతి. 1977లో దావా వేసింది అమెరికా గిటార్ల కంపెనీ గిబ్సన్‌కు యజమాని సంస్థ అయిన నార్లిన్. వేసింది జపాన్‌లో తయారైన ఐబానెజ్ గిటార్లను అమెరికాలో అమ్మే ఎల్గర్ సంస్థ మీద. తగాదా అంతా గిటారు తలభాగం ఆకారం గురించి. అది కోర్టు బయటే రాజీతో ముగిసింది. మరో అమెరికా గిటార్ల కంపెనీ ఫెండర్ తరహా బేస్‌కు ఆ దావాతో సంబంధమే లేదు. అయినా సెకండ్ హ్యాండ్ వ్యాపారులు ఆ కాలపు ప్రతి జపాన్ గిటారుకూ దావా కథ తగిలించి ధర పెంచుతున్నారు. ఆ కథే మీ పత్రికలోకీ వచ్చింది.

అసలు జరిగింది వేరు. 1965లో ఫెండర్ కంపెనీ సీబీఎస్ చేతికి వెళ్ళింది. డెబ్బైల నాటికి పూత మందమైంది, బరువు పెరిగింది, కొన్ని మోడళ్ళలో గిటారు మెడను (నెక్) బాడీకి బిగించే నాలుగు స్క్రూలు మూడయ్యాయి. అప్పటివన్నీ చెడ్డవని అనను. అమెరికా బేస్ వాద్యకారుడు మార్కస్ మిల్లర్ చేతిలో మోగిన ఫెండర్ జాజ్ బేస్ 1977 నాటిదే. కానీ ఒకటి బాగుంటే పక్కది బాగుంటుందన్న నమ్మకం పోయింది. వాయించేవాళ్ళు 1965కు ముందరి వాటి కోసం వెతకడం మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడే హమామత్సులో తోకాయ్, మత్సుమోతోలో ఫుజిజెన్ వంటి కర్మాగారాలు ఆ పాత కొలతలను పట్టుకున్నాయి. తోకాయ్ అయితే ఫెండర్ మరో బేస్ మోడల్ ప్రెసిషన్ తరహాకు హార్డ్ పంచర్ అనీ, జాజ్ తరహాకు జాజ్ సౌండ్ అనీ పేర్లు కూడా పెట్టింది. దీన్ని నకలు అంటే అనండి. సొంత ఇంటివాళ్ళు మరచిపోయిన వంటను పొరుగింటివాళ్ళు గుర్తుపెట్టుకుని వండిన నకలు అది.

ఆ మత్సుమోతోలోనే మత్సుమోకు అని మరో కర్మాగారం ఉండేది. సింగర్ కుట్టుమిషన్లకు చెక్క బల్లలు, పెట్టెలు చేసిన వడ్రంగులు అక్కడ గిటార్లకు మళ్ళారు. (మా అమ్మ మిషను బల్ల వాళ్ళు చేసినది కాకపోవచ్చు గానీ, నాకు అలా అనుకోవడం ఇష్టం.)

మరి ఫెండర్ ఏం చేసింది? పొత్తు పెట్టుకుంది. 1982లో కండా షోకాయ్, యమానో గక్కి సంస్థలతో కలిసి ఫెండర్ జపాన్‌ను స్థాపించి, తయారీని ఫుజిజెన్‌కు అప్పగించింది. 1985లో ఫెండర్ ఉద్యోగులే సీబీఎస్ నుంచి కంపెనీని కొనుక్కున్నప్పుడు కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ కర్మాగారం ఆ బేరంలో రాలేదు. కొరోనా పట్టణంలో కొత్తది నిలదొక్కుకునేదాకా ఫెండర్ పేరుతో అమ్ముడైన వాటిలో ఎక్కువ భాగం జపాన్‌వే. వాటిని కూడా నకళ్ళే అందామా?

నా దగ్గర ఉన్నది 1962 జాజ్ బేస్ తరహాలో జపాన్‌లో చేసినది. అక్కడ ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు టోక్యోలో గిటారు కొట్లకు పేరుపడ్డ ఒచానోమిజులో సెకండ్ హ్యాండ్‌లో కొని తెచ్చాడు. కొనేముందు ధరచీటీ ఫోటో తీసి పంపించాడు. వెనక గీత ఎక్కడుందో, ఫ్రెట్లు (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలు) పదింట ఎనిమిది వంతులు మిగిలి ఉన్నాయో లేదో, అన్నీ దాని మీద రాసి ఉన్నాయి. సరుకు లోపాలను అమ్మేవాడే ముందుగా చెప్పడం మన ఊళ్ళో నేనెక్కడా చూడలేదు.

నెక్ పైకొసన 38 మిల్లీమీటర్ల వెడల్పే. పక్కగా చెయ్యి జార్చితే ఒక్క ఫ్రెట్ కొన కూడా గుచ్చుకోదు. బ్యాటరీ లేదు, రెండు వాల్యూమ్‌లు, ఒక టోను, అంతే. రెండు వాల్యూమ్‌లూ పూర్తిగా తిప్పితే తీగల కదలికను కరెంటుగా మార్చే రెండు పికప్‌లలో ఒకదాని గుర్రును రెండోది కొట్టేస్తుంది. జనరేటరు, ట్యూబ్‌లైట్ల మధ్య పెళ్ళి స్టేజి మీద నిలబడ్డవాళ్ళకు దాని విలువ తెలుస్తుంది. ఇళయరాజా పాటల్లో పల్లవితో పాటు బేస్‌ను కూడా కూనిరాగం తీస్తూ పెరిగిన తరం మాది. ఆ మంద్రస్వరం గుర్రులో కలిసిపోతే మాకు కోపం వస్తుంది.

ఇందులో చాదస్తమూ ఉంది. బొటనవేలితో మీటుతారనుకుని మిగతా వేళ్ళు ఆనించుకోవడానికి కంపెనీ స్థాపించిన లియో ఫెండర్ సన్న తీగ కింద ఒక ముక్క బిగించాడు. ఇప్పుడు ఎవరికీ పనికిరాని ఆ ముక్కను కూడా జపాన్ వాళ్ళు భక్తిగా అదే చోట పెట్టారు. నెక్ వంపును సరిచేసే ట్రస్ రాడ్ మర బాడీ వైపే ఉండిపోయింది. విశాఖ వర్షాకాలంలో నెక్ కదిలినప్పుడల్లా తీగలు వదులు చేసి, నాలుగు స్క్రూలు విప్పి, నెక్ ఊడదీసి తిప్పాలి. మళ్ళీ బిగించాక చాలలేదనిపిస్తే మొదటి నుంచి. పాత పద్ధతంతా గొప్పదని నేననను. తీగలను బాడీ మీద పట్టి ఉంచే బ్రిడ్జి మరలకు ఉప్పుగాలి తుప్పు పట్టిస్తుంది, దానికి జపాన్ పనితనం మందు కాదు.

కొనాలనుకునే కుర్రాళ్ళకు ఒక మాట. 1982–84 నాటి ఫెండర్ జపాన్ గిటార్ల మీద జేవీతో మొదలయ్యే సీరియల్ నంబరు చూసి కళ్ళు మూసుకుని డబ్బు పోయకండి. ఫెండర్ జపాన్ పాత మోడళ్ళలో పేరు చివరి సంఖ్య వేల యెన్లలో ధర. జేబీ62-115 అంటే అప్పట్లో 1,15,000 యెన్లు. అదే వరసలో చవకవీ ఉన్నాయి, వాటిలో చాలావాటికి ఆల్డర్ చెక్క బదులు బాస్‌వుడ్ చెక్క వాడారు. రెండూ జపాన్‌వే, రెండూ బాగానే మోగుతాయి, కానీ ఒకే ధరకు అడిగితే ఇవ్వకండి.

వ్యాసం పక్కన బేస్ గిటారు అని వేసిన ఫోటోలో ఉన్నది మామూలు ఆరు తీగల గిటారు. అది కూడా సవరించగలరు.

— ఒక బేస్ వాద్యకారుడు, విశాఖపట్నం