పిట్టగోడ వైపు చూడకు

కుషాయిగూడ, హైదరాబాదు
ఆదివారం సాయంత్రం

ప్రియమైన మిత్రునికి,

నీ ఉత్తరం అంది పది రోజులైంది. విశాఖ నుంచి అరకు దాకా ఇద్దరం చెరొక బండి మీద వెళదామని నువ్వు రాసిన మాట రెండేళ్ల క్రితం నా కంటబడి ఉంటే, ఎవరిదో పెళ్లినో ఆఫీసు ఆడిటునో అడ్డం పెట్టి తప్పించుకునేవాణ్నని నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఈసారి వస్తున్నాను. ఘాట్ రోడ్డు పేరెత్తితేనే అరచేతులకు చెమటపట్టే మనిషి ఇప్పుడు తనంతట తానే నల్లమల ఎక్కి దిగి వస్తున్నాడంటే దాని వెనక కొంత కథ ఉంది కాబట్టి, అది ఫోనులో తేలే సంగతి కాదనిపించి కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను.

మొదట ఆ పడిపోవడం గురించి చెప్పాలి. అప్పట్లో నీతో "చిన్నగా జారాను" అని చెప్పి ఊరుకున్నాను గానీ, అందులో సగమే నిజం. ఆఫీసు మిత్రులం ఎనిమిది మందిమి శ్రీశైలం బయలుదేరాం. హైదరాబాదు నుంచి సుమారు 215 కిలోమీటర్లు. కడ్తాల్, ఆమనగల్లు, డిండి మీదుగా మన్ననూరు వరకు దారి తిన్నగానే ఉంటుంది గనుక నాకే ఇబ్బందీ కలగలేదు. అడవిలోకి వెళ్లాక ముందున్నవాళ్లు వేగం పెంచారు. వెనకబడితే నవ్వుతారన్న సిగ్గుతో నేనూ పెంచాను. ఈగలపెంట దాటాక రోడ్డు కృష్ణ ఒడ్డుకు మెలికలు తిరుగుతూ దిగుతుంది కదా, అక్కడ ఒక కుడి మలుపులోకి నా స్తోమతకు మించిన వేగంతో వెళ్లాను. సరిగ్గా అప్పుడే కింది నుంచి ఒక బస్సు రోడ్డంతా తీసుకుంటూ మలుపు తిరుగుతోంది. నాకు ఎడమ పక్కన పిట్టగోడ, దానికి ఆవల లోయ. గోడ మీది నలుపు తెలుపు పట్టీల్లో ఒకచోట సున్నం పెచ్చు ఊడి లోపలి రాయి బయటపడి ఉంది. ఆ రాయి చెవి ఆకారంలో ఉంటుంది. అంత వివరంగా నాకు గుర్తుందంటే అర్థమేమిటి? ఆ రెండు క్షణాలూ నేను రోడ్డును చూడనేలేదు, ఆ రాయినే చూశాను. బండి కూడా ఆ రాయి వైపే వెళ్లింది. భయంతో ముందు బ్రేకు గట్టిగా పట్టేసరికి, రోడ్డంచున పేరుకున్న ఇసుక మీద ముందు చక్రం జారి, కుడి పక్కకు పడ్డాను. బండి గోడకు జానెడు దూరంలో ఆగింది.

బ్రేకు లివరు వంగింది, ప్యాంటుతో పాటు మోకాలి చర్మమూ లేచిపోయింది. చేతికి గ్లవ్స్ ఉండటం వల్ల అరచేతులు మిగిలాయి. బస్సు డ్రైవరు దిగివచ్చి, ఒక్క మాట తిట్టకుండా బండి లేపి స్టాండు వేసి, "గోడ దిక్కు చూస్తే బండి గోడకే పోతది సార్" అని చెప్పి వెళ్లిపోయాడు. ఆ తర్వాత నేను ఎన్నో చదివాను, ఎన్నో వీడియోలు చూశాను. వాటన్నిటి సారం ఆ ఒక్క వాక్యంలోనే ఉంది. మనిషి దేనికి భయపడతాడో దాన్నే గుడ్లప్పగించి చూస్తాడు, చూపు ఎటుంటే భుజాలూ చేతులూ అటే తిరుగుతాయి, చేతులు తిరిగిన వైపే బండీ పోతుంది.

ఇంటికి వచ్చాక ఎనిమిది నెలల పాటు ఆ బండి ఆఫీసు దాటి ఎక్కడికీ వెళ్లలేదు. బండి మార్చమని కొందరు, మరికొంత ఖరీదైన జాకెట్టు కొనమని ఇంకొందరు సలహా ఇచ్చారు. నాది 2016 నాటి బండి కాబట్టి దానికి ఏబీఎస్, అంటే గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, లేని మాట నిజమే; 125 సీసీ దాటిన కొత్త బళ్లన్నిటికీ అది తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ నుంచి. అయితే ఆ రోజు ఏబీఎస్ ఉన్నా చక్రం జారకుండా ఆగి ఉండేదేమో గానీ, నా చూపు ఆ గోడను వదిలి ఉండేది కాదు. లోపం నాలో ఉంటే బండి మార్చి ఏం లాభమనిపించి, మొదటి నుంచి మళ్లీ నేర్చుకుందామని నిశ్చయించుకున్నాను.

కీసర దాటాక పొలాలను ప్లాట్లుగా కోసి, సిమెంటు రోడ్లు వేసి, ఇళ్లు లేకుండా వదిలేసిన వెంచర్లు ఎన్ని ఉన్నాయో నీకు తెలుసు. ఈ నగరం రియల్ ఎస్టేటు పిచ్చి వల్ల నాకు దక్కిన మేలు అదొక్కటే. ఆదివారం తెల్లవారుజామున అలాంటి ఒక వెంచర్లో ఇటుక ముక్కలు పేర్చుకుని, లైసెన్సు పరీక్షలో వేయించే ఆ ఎనిమిది అంకెను నలభై మూడేళ్ల వయసులో మళ్లీ వేయడం మొదలుపెట్టాను. అక్కడి కుక్కలు తప్ప చూసి నవ్వేవారెవరూ లేరు. క్లచ్చు సగం వదిలి, వెనక బ్రేకు మీద కాలు తేలికగా ఆన్చి, తలను తిరగవలసిన దిక్కుకు పూర్తిగా, అంటే గడ్డం భుజాన్ని తాకేంతగా తిప్పితే, బండి నడక వేగంలో కూడా నిలకడగా తిరుగుతుంది. ముందు చక్రాన్ని చూశానా, వెంటనే కాలు నేలకు ఆన్చవలసి వచ్చేది. మూడో వారానికి ఒక విషయం ఒంటికి తెలిసింది: ఎడమకు తిరగాలంటే ఎడమ హ్యాండిల్‌ను తేలికగా ముందుకు నొక్కాలి. చెబితే తలకిందుల మాటలా ఉంటుంది గానీ, కాస్త వేగం మీద ఉన్నప్పుడు ప్రతి ద్విచక్ర వాహనమూ అలాగే ఒరిగి తిరుగుతుంది. మనం చిన్నప్పుడు సైకిలు మీద చేసిందీ అదే.

తర్వాత అనంతగిరి. (మీ అరకు దారిలోనూ ఒక అనంతగిరి ఉంది కదా, నేను చెబుతున్నది మూసీ పుట్టిన మా వికారాబాదు అనంతగిరి.) మలుపులు తక్కువ, లోయలు లోతైనవి కావు, సెలవు రోజు కాకపోతే రద్దీ ఉండదు. ఒక్కణ్నే నాలుగుసార్లు వెళ్లాను. అక్కడ నేర్చుకున్నది మలుపును చదవడం. మలుపులో రోడ్డు రెండు అంచులూ దూరంగా ఎక్కడో ఒకచోట కలిసిపోయినట్టు కనిపిస్తాయి. మనం ముందుకు పోతున్నకొద్దీ ఆ బిందువు కూడా దూరం జరుగుతుంటే మలుపు విప్పుకుంటోందని అర్థం. అది మన మీదికి వస్తున్నట్టుంటే మలుపు ఇంకా బిగుస్తోందని, వేగం ఇంకా తగ్గించాలని అర్థం. కంటికి ఈ పని అప్పగించాక దానికి గోడలు చూసే తీరిక ఉండదు.

రెండోది, పనులన్నీ మలుపుకు ముందే ముగించడం. బ్రేకు ముందే, గేరు ముందే, హారన్ ముందే. మలుపులోకి వెళ్లాక చేయవలసింది చూడటమూ, యాక్సిలరేటరును సన్నగా, ఒకే తీరుగా పట్టుకోవడమూ మాత్రమే. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక బండి ఆగే దూరం నాలుగు రెట్లవుతుందన్న లెక్క మనం ఇంటర్‌లో ఫిజిక్సు పరీక్షకు రాసిందే, కానీ ఆ నాలుగు రెట్లు ఎంత పొడుగో నాకు ఆ గోడ దగ్గరే తెలిసింది.

చివరికి, పడిపోయిన ఏడాదిన్నర తర్వాత, ఒక మంగళవారం నాడు ఒంటరిగా శ్రీశైలం బయలుదేరాను. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అడవి దారిలోకి బళ్లను వదలరు కాబట్టి, గేటు తెరిచిన కాసేపటికే మన్ననూరు చేరుకునేలా చీకటితోనే ఇల్లు వదిలాను. వటవర్లపల్లి దాటాక ఒకచోట ఎవరో కారాపి కోతులకు అరటిపండ్లు వేస్తున్నారు. అవి రోడ్డుకు అడ్డంగా పరుగెత్తుతాయని తెలిసి ముందే నెమ్మదించాను. పులుల అడవిలో మనిషిని పడగొట్టేది ఎక్కువగా ఈ అరటిపండు దాతృత్వమే.

ఈగలపెంట తర్వాత దిగుడు మొదలుకాగానే అరచేతులు మళ్లీ చెమర్చాయి. చెమర్చనీ అనుకుని రెండో గేరులోకి దించాను. ఏ గేరులో ఎక్కగలమో ఆ గేరులోనే దిగాలంటారే, అది అక్షరాలా పాటించాను. ఇంజిన్ గుర్రుమంటూ బండిని వెనక్కు పట్టి ఉంచుతుంటే, బ్రేకు అవసరం సగానికి సగం తగ్గిపోయింది. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో జారుకుంటూ పోయే ఇద్దరు కుర్రాళ్లు నన్ను దాటి వెళ్లారు. కింద లింగాలగట్టు దగ్గర వాళ్ల బండి వెనక చక్రం నుంచి కమురు వాసన వస్తోంది. అంత పొడుగు దిగుడులో బ్రేకునే నొక్కి పట్టి ఉంచితే అది వేడెక్కి పట్టు సడలుతుందని చెబుదామని నోటిదాకా వచ్చింది గానీ, ఆ వయసులో నేను వినేవాణ్నా?

నేను పడిన మలుపు దగ్గరికి వచ్చినప్పుడు ఎదురుగా మళ్లీ ఒక బస్సు ఎక్కుతూ కనిపించింది. పొడుగు బండి హెయిర్‌పిన్ మలుపు తిరగాలంటే మన సగం రోడ్డు కూడా దానికి కావాలి, పైగా ఇరుకు దారిలో ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలన్నది నియమం కూడాను. మలుపుకు ముందే ఎడమకు ఒదిగి ఆగిపోయాను. అది వెళ్లాక మొదటి గేరులో, కుడివైపు రోడ్డు ఎంతవరకు కనిపిస్తే అంతవరకూ తల తిప్పి చూస్తూ తిరిగాను. మలుపు అయిపోయాక గానీ గోడ సంగతి గుర్తు రాలేదు. తిరుగు ప్రయాణంలో ఆగి చెవి ఆకారపు రాయి కోసం వెతికాను. గోడకు కొత్తగా రంగు వేశారు, దొరకలేదు.

నాకు భయం పోయిందని అనుకోకు. ఉంది, కాకపోతే దాని మాట విని నేను వేగం తగ్గిస్తున్నాను, అంతే. గుంపుతో మాత్రం ఇక వెళ్లను. పది మందిలో నిదానంగా నడిపేవాడి వేగాన్ని గౌరవించే జట్టు నాకింతవరకు తారసపడలేదు.

అందుకే అరకు విషయంలో నాదొక షరతు. శృంగవరపుకోట దాటి ఘాట్ మొదలయ్యాక నువ్వు ముందు వెళ్లిపో. అద్దంలో నన్ను చూసుకుంటూ నడపకు, నేనూ నీ వెనక చక్రాన్ని చూస్తూ నడపను. గాలికొండ దగ్గర ఆగి కాఫీ తాగుతూ ఉండు, పావుగంట అటూ ఇటుగా వచ్చి కలుస్తాను. వలిసె పూల కాలం కాబట్టి కార్లు ఎక్కువుంటాయి, ఆరింటికల్లా విశాఖ వదులుదాం. నీ బండి వెనక బ్రేకు కీచుమంటోందని క్రితం ఉత్తరంలో రాశావు. నేను వచ్చేలోగా ఆ ప్యాడ్లు మార్పించు, చైను బిగువు కూడా చూపించు.

నా బండిని రైల్లో పార్సిలు వేస్తున్నాను. ట్యాంకు ఖాళీ చేస్తే గానీ వాళ్లు తీసుకోరు గనుక, స్టేషన్లో దిగాక బంకు దాకా నెట్టుకుంటూ పోయే ఓపిక నాకు లేదు. నీ ట్యాంకులోంచి ఓ లీటరు తీసి పట్టుకురా.

ఇట్లు,
నీ స్నేహితుడు